కాటుకరేకుల పొడ

మా అమ్మాయి కొడుకు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో పదవ తరగతి చదువుతున్నాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు. చదవమంటే మాత్రం అక్షరాలు కూడబలుక్కుంటాడు. రెండేళ్ళుగా వాడొక పామును పెంచుతున్నాడు. ఈ ముక్క నలుగురికీ చెప్పడానికి నాకు ఆ రెండేళ్ళూ పట్టింది. తెనాలి ప్రక్కన అంగలకుదురులో పుట్టి పెరిగినవాణ్ణి నేను. చీకటి పడితే పాము పేరెత్తకూడదనీ, 'పురుగు' అనాలనీ మా నాయనమ్మ నేర్పింది. మాగాణి గట్లమీద నడిచే ఊళ్ళో ఆ మాట భయమూ, మర్యాదా రెండూను. అటువంటి ఇంటి పిల్లవాడు గాజుపెట్టెలో కొండచిలువను పెట్టుకుని, దానికి వేళకొక ఎలుకను వేస్తూ, కుబుసం విడిచినప్పుడల్లా ఫొటో తీసి పంపుతుంటాడు. అది పశ్చిమాఫ్రికా పాము. విషం లేదు. నాలుగైదడుగులకు మించి పెరగడం అరుదు. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది గనుక 'బాల్ పైథాన్' అని పేరట.

క్రిందటి సంక్రాంతికి ఫోనులో, "తాతయ్యా, హెట్ అంటే తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. అంతకు ముందురోజు వాడు పంపిన ఫొటోలో పెట్టెకు అంటించిన చీటీ ఉన్నది. 'ఆడది. మామూలు రంగు. 66 శాతం హెట్ ఆల్బినో' అని ఆ చీటీమీది వ్రాత. భాషాప్రవీణ చదివి, ముప్ఫైయేళ్ళకు పైగా పిల్లలకు సమాసాలు విడదీసి చెప్పినవాణ్ణి. ఆ చీటీకి విగ్రహవాక్యం చెప్పలేకపోయాను. ఒక పాము నూటికి అరవయ్యారు పాళ్ళు ఏదో కావడమేమిటి? తక్కిన ముప్ఫైనాలుగు పాళ్ళూ ఎక్కడికి పోయాయి? "రెండు రోజులాగు నాన్నా, చెబుతాను" అన్నాను. రెండు రోజులు కాదు, రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లో చదివినదీ, గుర్తుకు తెచ్చుకున్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు మన భాషలో ఉన్న సరుకు చూడాలి కదా! తెలుగువాడు పాముకు పేరు పెట్టడంలో చాలాసార్లు ఒంటిమీది గుర్తునే పట్టుకున్నాడు. కట్లున్నది కట్లపాము. పసరు రంగుది పసరికపాము. త్రాచులో నల్లత్రాచు, గోధుమత్రాచు. వీటన్నిటికంటె నాకు ప్రియమైన మాట 'పొడ'. చుక్క, మచ్చ అని దాని అర్థం. చుక్కల దుప్పిని పొడదుప్పి అంటాం. చర్మంమీద తెల్లమచ్చ తేలితే 'పొడ వచ్చింది' అనేవారు పెద్దలు. రంగు వేరు, పొడ వేరు. రంగు ఒళ్ళంతా పరచుకున్న నేల. పొడ ఆ నేలమీద వేసిన ముగ్గు. పాములు పెంచేవాళ్ళు ఇంగ్లీషులో కలర్ అనీ, ప్యాటర్న్ అనీ విడదీసి చెబుతారు. ఈ విభాగం మనకు ఒక్క రెండక్షరాల మాటలోనే ఉన్నది. ఈ మాట చెప్పగానే మావాడు ఉత్సాహపడి పెట్టెమీద తెలుగులో 'పొడ' అని వ్రాసుకున్నాడు. 'డ'కు బదులు 'ద' పడింది. దిద్దాను.

సంస్కృతంలోనూ పాముల వర్గీకరణ ఇట్లా ఒంటిని చూసి చేసినదే. సుశ్రుతసంహిత కల్పస్థానంలో పాములు మొత్తం 80 అని లెక్క. దర్వీకరాలు 26. దర్వి అంటే గరిటె. పడగ గరిటెలా ఉంటుందని ఆ పేరు. గుండ్రని పొడలున్న మండలులు 22. చారలున్న రాజిమంతాలు 10. విషం లేనివి 12. ఇక మిగిలినవి చూడండి: వైకరంజాలు 3, వాటి సంతానం 7. వైకరంజమంటే వేరువేరు తెగల పాములు కలిసి కన్నది. అనగా సంకరం. త్రాచుకూ పింజరకూ పిల్లలు పుట్టవని ఈనాడు మనకు తెలుసు. అయినా ఆ లెక్కలో చివరి పదీ నన్ను చాలాసేపు ఆపివేశాయి. ఏ తెగలోనూ ఇమడని గుర్తులున్న పాము కనిపించినప్పుడు ఆ వైద్యుడు 'ఇది విడ్డూరం' అని ఊరుకోలేదు. 'దీని తల్లిదండ్రులెవరు' అని అడిగాడు. జవాబు తప్పు, ప్రశ్న ఒప్పు. అదే అధ్యాయంలో ముత్యంలా, వెండిలా మెరిసే పాములు బ్రాహ్మణ సర్పాలనీ, తక్కిన రంగులకు తక్కిన వర్ణాలనీ పంపకం కూడా ఉన్నది. అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి కాఫీ త్రాగడానికి లేచాను. రంగు చూడగానే కులం గుర్తుకురావడం మనకు ఈనాటి జబ్బు కాదు.

ఇక తెలుగు మాటలు ప్రపంచ సర్పశాస్త్రంలోకి ఎక్కిన కథ. ప్యాట్రిక్ రసెల్ స్కాట్లండు వైద్యుడు. అలెప్పో నగరంలో చాలా ఏళ్ళు వైద్యం చేసి, 1781లో మన దేశం వచ్చాడు. సోదరుడు క్లాడ్ రసెల్ విశాఖపట్నంలో కంపెనీ అధికారి. 1785లో కోనిగ్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు మరణించగా, ఆ స్థానంలో కంపెనీవారు ప్యాట్రిక్ రసెల్‌ను నియమించారు. 1789లో తిరిగి వెళ్ళేవరకు ఆయన కోస్తా పొడుగునా పాములు సేకరించి, వాటి విషాన్ని కోళ్ళమీదా కుక్కలమీదా పరీక్షించి, బొమ్మలు వేయించాడు. ఏది విషసర్పమో ఏది కాదో జనం గుర్తుపట్టగలగాలన్నది ఆయన పట్టుదల. 1796లో లండనులో కోరమాండల్ తీరపు సర్పాలమీద ఆయన పెద్ద గ్రంథం అచ్చయింది.

ఆ బొమ్మల క్రింద ఇంగ్లీషు లిపిలో ఉన్నవి మన మాటలు. పెద్దపొడ అంటే కొండచిలువ. జెర్రిపోతు జెర్రిపోతే. చింతనాగు. బంగారు పాము. పసుపుపచ్చని కట్లతో నిగనిగలాడే పెద్ద కట్లపాము ఈ చివరిది. ఈ 'బంగారు' శబ్దాన్నే పట్టుకుని 1803లో దౌదె అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల ప్రజాతికి మొత్తంగా 'బంగారస్' అని పేరు పెట్టాడు. ఈనాటికీ అదే పేరు. జపానువాడైనా, జర్మనీవాడైనా కట్లపామును శాస్త్రీయంగా పిలవాలంటే తెలుగు పలకవలసిందే.

అన్నిటికంటె అందమైన పేరు రక్తపింజరది. రసెల్ గ్రంథంలో అది 'కాటుకరేకుల పొడ'. ఎవరు పెట్టారో ఆ పేరు! పింజర వెన్నుమీద వరుసగా కోడిగ్రుడ్డు ఆకారపు గోధుమరంగు మచ్చలుంటాయి. ఒక్కొక్క మచ్చకూ చుట్టూ నల్లని అంచు. పూరేకుకు కాటుకతో అంచు దిద్దినట్లు ఉంటుంది. ప్రాణం తీసే పామును అంత నిదానంగా చూసి, అంత సుకుమారంగా చెప్పినవాడికి కావ్యాలతో పని లేదు. 1797లో షా అనే ఆయన ఆ పాముకు రసెల్ పేరు పెట్టాడు. లోకమంతా ఇప్పుడు 'రసెల్స్ వైపర్' అంటుంది. ఇందులో రసెల్ తప్పు లేదు. ఆయన అచ్చువేయించింది మన పేరే. దాన్ని పోగొట్టుకున్నది మనం. నాకు తెలిసిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ మాట చూడలేదు. నేనూ ఏ పిల్లవాడికీ చెప్పలేదు, నాకే తెలియదు కాబట్టి.

రసెల్‌కు పాములు పట్టేవారు త్రాచుపాముల్లో ఒక్కొక్క రకానికి ఒక్కొక్క 'నాగు' పేరు చెప్పారు. ఒళ్ళు నలుపో గోధుమో బూడిదో, పడగమీది అద్దాల గుర్తు స్పష్టమో అస్పష్టమో, దాన్నిబట్టి పేరు మారేది. ఆయన ఆ పేర్లన్నీ వ్రాసుకుని, పాములను మాత్రం ఒకే జాతి క్రింద చేర్చాడు. రంగు మారినంత మాత్రాన జాతి మారదన్నది ఆయన నిర్ణయం, అది సరైనదే. అయితే ఈ సూత్రాన్ని కంఠస్థం చేసి అంతటా అప్పజెప్పడానికి వీల్లేదు. పడగమీద రెండద్దాలకు మారుగా ఒకే గుండ్రని కన్నున్న త్రాచు ఒకటి బెంగాలు వైపు ఉన్నది. చాలాకాలం దాన్ని మన త్రాచులో ఉపజాతిగా లెక్కించారు. ఇప్పుడు అది వేరే జాతి. పొడ ఒకచోట అబద్ధమాడుతుంది, ఇంకొకచోట నిజం చెబుతుంది. ఎక్కడ ఏది చెబుతున్నదో తెలియాలంటే చూపు చాలదు, సంతానం చూడాలి.

చూపు చాలదని నేను స్వయంగా అవమానపడి తెలుసుకున్నాను. ఒక పల్లె బడిలో పనిచేస్తున్న రోజుల్లో, వర్షాకాలం ఉదయం పిల్లలు కర్రకు వ్రేలాడదీసి ఒక చచ్చిన పామును తెచ్చారు. ముదురు రంగు ఒళ్ళు, తెల్లని కట్లు. "కట్లపాము. చంపి మంచి పని చేశారు" అని నేను పండితుడి గొంతుతో తీర్పు చెప్పాను. సైన్సు మేష్టారు వచ్చి దాన్ని పుల్లతో తిరగవేశారు. "మేష్టారూ, కట్లపాముకు కట్లు తోకవైపు స్పష్టంగా ఉండి, తలవైపు మాసిపోతాయి. దీనికి తలవైపే స్పష్టం. కట్లపాముకు వెన్ను నడుమ వరుస పొలుసులు పెద్దవిగా, ఆరుపలకలుగా ఉంటాయి. దీనికి లేవు. ఇది ఇళ్ళలో బల్లులు తిని బ్రతికే అమాయకపు పాము" అన్నారు. పిల్లల ముందు చిన్నబోయాను. ఆనాటి ఆ పాము నా ఖాతాలోనే ఉన్నది. (ఈ గుర్తులు చదివి బ్రతికున్న పాముమీద పరీక్ష చేయబోకండి. కాటు పడితే పామేదైనా సరే ఆసుపత్రికే పరుగెత్తాలి.)

రంగు తరాల్లో ఎట్లా దిగుతుందో మనవాళ్ళు పాముల్లో చూడలేదు. చూసే వీలు లేదు. చూసినది కోళ్ళలో. సంక్రాంతి పందేల మాట తలచుకుంటే నాకు కడుపులో దేవినట్లుంటుంది. అది చట్టరీత్యా నేరం కూడాను. అయినా ఆ పుంజుల రంగులకు మన జిల్లాల్లో ఉన్న పేర్ల సంపద చూస్తే భాషాభిమానికి ఆశ్చర్యం కలగక మానదు. ఒళ్ళంతా నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ. రెక్కలమీదనో వీపుమీదనో పసుపు తగిలితే నెమలి. మెడమీద నల్లని ఈకలుంటే సవల. నలుపూ తెలుపూ సమానంగా ఉంటే పర్ల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ కలిస్తే కౌజు. ఎరుపులో బూడిదరంగు కలిస్తే మైల. ఇంకా పింగళ, పూల, ముంగిస, గేరువా, కొక్కిరాయి. రంగునూ పొడనూ కలిపి ఒక్క మాటలో బిగించిన పారిభాషిక పదాలివి. ఇంత నిశితమైన చూపును కుక్కుటశాస్త్రం దేనికి వాడింది? ఏ వారం, ఏ నక్షత్రంలో కాకిమీద డేగ గెలుస్తుందో చెప్పడానికి వాడింది. ఏ రంగు పుంజునూ ఏ రంగు పెట్టనూ జత చేస్తే పిల్లలు ఎన్ని ఏ రంగువి వచ్చాయో ఒక్కరైనా వరుసగా లెక్క వ్రాసి పెట్టి ఉంటే! పదాలు సిద్ధంగా ఉన్నాయి, కోళ్ళు సిద్ధంగా ఉన్నాయి, పలకా బలపమూ మాత్రం ఎవరూ పట్టలేదు.

మా పెరట్లో నాయనమ్మ పొదగేసిన నల్లపెట్ట ఒకటి ఉండేది. పుంజు కూడా నల్లదే. ఒకసారి ఆ పొదుగులో రెండు పిల్లలు తెల్లగా ఎదిగాయి. ప్రక్కింటివాళ్ళు గ్రుడ్లు మారాయన్నారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "గ్రుడ్డు తాతను మరిచిపోదురా" అన్నది. ఆమెకు అక్షరాలు రావు. మెండెల్ పేరు వినే అవకాశమే లేదు.

ఆ మాటనే లెక్కతో నిరూపించినవాడు మెండెల్. బఠాణీలమీద ఆయన వ్రాసిన వ్యాసం 1866లో అచ్చయింది. 1900 వరకు లోకం దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్న తరువాత, ఇది మొక్కలకేనా, జంతువులకూ వర్తిస్తుందా అన్న సందేహం వచ్చింది. 1902లో ఇంగ్లండులో బేట్సన్ దానికి జవాబు చెప్పినది కోళ్ళతోనే. కోడి తలమీది జుట్టు ఆకారం కూడా బఠాణీ గింజలాగే లెక్కప్రకారం తరాల్లో దిగుతుందని చూపాడు.

కోళ్ళలో ఇంకొక ముచ్చట. ఆండలూసియా కోడి అని నీలిబూడిదరంగు జాతి ఒకటి ఉన్నది. రెండు నీలికోళ్ళను జత చేస్తే అన్నీ నీలివి రావు. నాలుగింట ఒకటి నల్లది, ఒకటి మాసిన తెలుపుది, రెండు నీలివి. ఎన్ని తరాలు ఏరి పెంచినా అంతే. పెంపకందార్లు తమ చేతకానితనమనుకునేవారు. నిజానికి నీలం అనేది నిలకడగల రంగు కాదు. ఒక నలుపు వాటా, ఒక తెలుపు వాటా ఎదురుపడినప్పుడు కనిపించే రంగు అది. నల్లదాన్నీ మాసిన తెల్లదాన్నీ జత చేస్తే అన్నీ నీలివే పుడతాయి. మా మనుమడి పాముల్లో 'పాస్టెల్' అనీ, దానికి రెండు వాటాలూ కలిస్తే 'సూపర్ పాస్టెల్' అనీ అంటారే, అదీ ఈ నీలికోడి లెక్కే. ఇది చెప్పాక వాడికి అర్థమైంది. నాకూ చెబుతూ చెబుతూనే అర్థమైంది.

పాముల్లో ఈ లెక్క తేలడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. అమెరికాలో పొలాల్లో తిరిగే 'కార్న్ స్నేక్' అనే విషంలేని పాము ఉన్నది. 1953లో ఉత్తర కరొలైనాలో నలుపు వర్ణకం బొత్తిగా లేని మగపాము ఒకటి దొరికింది. బెక్టెల్ అనే వైద్యుడు దాన్ని మామూలు పాములతో జత చేశాడు. పిల్లలన్నీ మామూలు రంగువే. మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన ఆ పిల్లలు పెద్దవయ్యేదాకా ఆగి, వాటిని తమలో తాము జత చేశాడు. 1961లో గ్రుడ్లు చిట్లి తాత రంగు బయటపడింది. ఎనిమిదేళ్ళ ఓపిక! అవి తెల్లగా లేవన్నది గమనించవలసిన సంగతి. నలుపు పోయింది గాని ఎరుపూ నారింజా అట్లాగే ఉన్నాయి. పాము చర్మంలో నలుపుకు ఒక రకం కణాలు, పసుపు ఎరుపులకు ఇంకొక రకం, మెరుపుకు మరొకటి. ఒకటి తప్పుకుంటే తక్కినవి మిగులుతాయి. బాల్ పైథాన్లలోనూ ఆల్బినో అంటే తెలుపుమీద పసుపు పొడ.

ఇప్పుడు ఆ చీటీకి వద్దాం. ఆల్బినో గుణం బయటపడాలంటే తల్లినుంచి ఒక వాటా, తండ్రినుంచి ఒక వాటా రెండూ రావాలి. ఒక్కటే వస్తే పాము మామూలుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం మోస్తూ ఉంటుంది. అదే హెట్. అటువంటి రెంటిని జత చేస్తే నాలుగింట ఒకటి ఆల్బినో, రెండు మోసేవి, ఒకటి ఏమీ లేనిది. ఆల్బినోను కంటితోనే వేరు చేయవచ్చు. మిగిలిన మూడూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఆ మూడింట రెండు మోసేవి. మూడింట రెండంటే నూటికి సుమారు 66. కనుక ఆ అరవయ్యారు పాములో లేదు, నాయనా! పాములో ఉంటే పూర్తిగా ఉన్నది, లేకపోతే పూర్తిగా లేదు. అరవయ్యారు ఉన్నది అమ్మినవాడి తెలియనితనంలో.

అందులోనూ నాలుగింట ఒకటి అన్నది సగటు మాట. ఈ పాము ఒక కాన్పుకు పెట్టేది ఐదారు గ్రుడ్లు. రెండు హెట్ పాముల ఆరు గ్రుడ్లలో ఒక్కటి కూడా ఆల్బినో కాకుండా పోయే అవకాశం నూటికి దాదాపు 18. మావాడు లెక్కల్లో గట్టివాడే. ముప్పాతికను ఆరుసార్లు గుణించి తానే తేల్చాడు. అంటే ఒక కాన్పు చూసి 'దీనిలో లేదు' అని తీర్పు చెప్పడానికి లేదు.

తెలుగు మాట సంగతి. మన పాఠ్యగ్రంథాల్లో రెండు వాటాలూ ఒకటే అయితే సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం. పైకి తేలేది బహిర్గతం, అణగి ఉండేది అంతర్గతం. కనిపించేది దృశ్యరూపం, లోపలున్నది జన్యురూపం. మంచి మాటలే. విషమయుగ్మజం అనగానే మావాడు "విషం ఉందా తాతయ్యా?" అన్నాడు. నవ్వాను గాని పాము విషయంలో ఆ మాట నిజంగా ఇబ్బందే. వాడి వాడుకకు 'లోపొడ' అని కల్పించి ఇచ్చాను. లోపల దాగిన పొడ అని. పండితులు సమాసం ఒప్పుకోకపోతే కొట్టివేయండి.

దృశ్యరూపానికీ జన్యురూపానికీ భేదం చెప్పడానికి నాకు ఆదిపర్వంలోని కద్రువ వినతల పందెమే అక్కరకు వచ్చింది. ఉచ్చైశ్శ్రవం తోక తెలుపన్నది వినత, నలుపన్నది కద్రువ. ఓడిపోతానని తెలిసి కద్రువ తన కొడుకులైన పాములను తోకకు చుట్టుకొమ్మన్నది. తోక నల్లగా కనిపించింది. వినత దాసి అయింది. కనిపించిన నలుపు గుర్రానిది కాదు. ఆ గుర్రానికి పిల్ల పుడితే దాని తోక ఏ రంగుదని మావాణ్ణి అడిగాను. "తెలుపే" అన్నాడు తడుముకోకుండా.

ఇంతవరకు బాగానే నడిచింది. మాఘమాసంలో వాడు ఇంకొక మాట చెప్పాడు. దాచుకున్న డబ్బుతో 'స్పైడర్' అనే మగపామును కొని, తన ఆడపాముతో జత చేస్తాడట. సాలెగూడు దారాల్లాంటి సన్నని నల్లగీతల పొడ. ఈ గుణానికి ఒక్క వాటా చాలు. పిల్లల్లో సుమారు సగం తండ్రిలాగే పుడతాయి, వెంటనే అమ్ముడుపోతాయి. చూడమని వీడియో పంపాడు. నిజంగానే అందమైన పాము. చూస్తూ ఉండగా దాని తల ప్రక్కకు వాలి, మెల్లగా తిరగబడి, వణికింది. ఎలుకను పట్టబోయి రెండుసార్లు గురి తప్పింది.

నేను రెండు రోజులు ఏమీ అనలేదు. చదివాను. ఆ పొడా ఆ వణుకూ విడదీయరానివి. 2022లో కొందరు పరిశోధకులు ఆ పాముల తలలను స్కానింగు చేసి, శరీరపు తూకాన్ని నిలిపే లోపలి చెవి భాగాలు వికృతంగా ఏర్పడ్డాయని చూపారు. అమ్మేవాళ్ళు దీన్ని చిన్న లోపమంటారు. బాగా తింటుంది, పెరుగుతుంది, పిల్లలు కంటుంది అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా ఒక పొడకోసం, తల నిలవని పిల్లలను తెలిసి తెలిసి పుట్టించడం నాకు మింగుడుపడలేదు. పుంజు రంగు చూసి మురిసి, ఆ తరువాత దాని కాలికి కత్తి కట్టేవాడి మురిపెం గుర్తుకు వచ్చింది. ఫోను చేసి ఆ మాటే అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. వాడు "మీకు పాములంటే భయం తాతయ్యా, అందుకే అలా అంటున్నారు" అన్నాడు. పది రోజులు ఫోను లేదు. వాళ్ళమ్మ నన్నే మందలించింది.

వాడన్నదాంట్లో కొంత నిజమున్నది. నాకు భయమే. ఇక్కడ మనకు పాములను పెంచుకునే అలవాటూ లేదు, హక్కూ లేదు. త్రాచునూ పింజరనూ జెర్రిపోతునూ పట్టి ఉంచడం 1972 వన్యప్రాణి చట్టం క్రింద నేరం. అయినా రెండుతలల పామును ఇంట్లో పెట్టుకుంటే ధనం కలిసివస్తుందని లక్షలు పోసి మోసపోతున్నవాళ్ళ వార్తలు మన పత్రికల్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ రెండో తల మొద్దుబారిన తోక. మావాడు తన పాము తోకను తోకగానే చూస్తున్నాడు. ఆ పాటి తేడా నేను ఒప్పుకోవాలి.

పదకొండో రోజున వాడే చేశాడు. స్పైడర్ కొనడం మానేశాడని చెప్పలేదు. "ముందు నా పాములో లోపొడ ఉందో లేదో తెలియాలి కదా, కుబుసం పంపించాను" అన్నాడు. కుబుసంలోని జన్యువులను పరీక్షించి చెప్పే ప్రయోగశాలలు అక్కడ ఉన్నాయి. దానికి పునాది వేసినవారిలో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం విద్యార్థులున్నారు. పాములు పెంచే గృహస్థులు టపాలో పంపిన కుబుసాలనుండి, ఆల్బినో బాల్ పైథాన్లలో నలుపును తయారుచేసే టైరోసినేజ్ జన్యువు చెడిందని వారు 2022లో కనుగొన్నారు. లావెండర్ ఆల్బినో అనే మరో రకంలో చెడినది వేరే జన్యువు. అంటే ఆ రెండు తెల్లపాములనూ జత చేస్తే పిల్లలు మామూలు రంగువి పుడతాయి. ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. నిష్ప్రయోజకానికి పర్యాయపదంగా మనం 'పాము కుబుసం' అంటుంటాం. ఇక అనను.

ఫలితం మొన్న శనివారం వచ్చింది. ఆ ఆడపాములో లోపొడ లేదు. రెండు వాటాలూ మామూలువే. చీటీమీద అరవయ్యారు చూసి వాడు ఎక్కువ డబ్బు ఇచ్చి కొన్నాడు. అమ్మినవాడు మోసం చేయలేదు; ఆ మూడింట ఒకటి వీడి వంతుకు వచ్చింది, అంతే. "బాధగా ఉందా నాన్నా?" అని అడిగాను. "కొంచెం" అన్నాడు. తరువాత పెట్టె దగ్గరికి ఫోను తీసుకువెళ్ళి చూపించాడు. పాత చీటీ తీసేశాడు. 'పెద్దపొడ' అని తెలుగులో వ్రాసి అంటించాడు. ఈసారి 'డ' సరిగానే పడింది.